మిలిటరీ పెట్టె మూత

రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు అరవై ఏళ్ళు దాటినాక వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ ఆపాలో ఇప్పటికీ తడబడతాను. ఈ కాగితాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. పొద్దున వంట అయ్యాక కాస్త రాసేదాన్ని, చెయ్యి నొప్పి పెడితే ఆపేదాన్ని. మా కోడలు యశోద ఒకసారి చూసి దిద్దింది. ఆమె కంట పడకుండా మిగిలినవి ఇంకా ఉంటాయి.

మా ఆయన పేరు ఎర్రన్న. మాది రాజుపాలెం దగ్గర పల్లె, గొర్రెల కుటుంబం. ఆయన మిలిటరీలో పదిహేడేళ్ళు వంటవాడిగా పనిచేశాడు. పెండ్లినాటికే ఉద్యోగంలో ఉన్నాడు. ఏడాదికొకసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చేటప్పుడు నెత్తి మీద నల్లటి రేకు పెట్టె ఉండేది. దాని పైన తెల్లరంగుతో ఇంగ్లీషులో పేరు, నంబరు రాసి ఉండేవి. అది మిలిటరీవాళ్ళు రాయించింది. మూత లోపలి వైపు మాత్రం ఆయన సొంత రాత. మేకుతో గీకి రాసేవాడు. పైన ఒక గీత, ఆ గీత కింద అక్షరాలు, దండెం మీద బట్టలు ఆరేసినట్టు. సెలవుకు వచ్చి పెట్టె తెరిచినప్పుడల్లా ఒక గీత ఎక్కువ కనిపించేది.

ఒకసారి అడిగాను. "ఏంది రాసినావు అందులో?"

"ఏం లేదులే. పోయేటప్పటి సంగతి."

"సదివి చెప్పు."

"నువ్వే నేర్చుకోని సదువుకో పో" అని నవ్వాడు.

ఆయన పల్లెలో బడికి పోయింది లేదు. మిలిటరీకి పోయాకే అక్కడ చదువు చెప్పారని తెలుసు. ఇంటికి వచ్చే జాబులు మాత్రం వేరే తెలుగాయన రాసిపెట్టేవాడు. పోస్టుమాన్ చదివితే మేం వినేవాళ్ళం. ఆ జాబుల్లో గొర్రెల సంగతి, వానల సంగతి ఉండేది. నా సంగతి ఉండేది కాదు. పరాయివాడు రాసే జాబులో పెండ్లాం సంగతి ఎట్లా చెప్తాడు అనుకునేదాన్ని.

ఆయన తిరిగి పోయేరోజు నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. అది మా అత్త పెట్టిన కట్టడి. ఆమె తమ్ముడు ఒకడు వెనకటికి దండులో చేరాడట. వాడు పోయేరోజు పెండ్లాం ఎర్రగుంట్ల స్టేషను దాకా పోయి, రైలు కదిలేవరకు కిటికీ పట్టుకొని నిలబడిందట. వాడు మళ్ళీ రాలేదు. అందుకని నా పెండ్లయిన మొదటి ఏడే మా అత్త నన్ను దొడ్డి వెనకకు పిలిచి చెప్పింది. "దండులో పోయేటోని ముందర కడసారి పెండ్లాం మొగం పడగూడదు. పడితే వాని కాళ్ళు ఎనక్కి లాగుతాయి. వాడు బయలెల్లే టైముకు నువ్వు గొర్రెల దొడ్లోకి పో. ఈ మాట వానికి చెప్పగూడదు. చెప్తే పన్జెయ్యదు."

అట్లాగే చేశాను. ఆయన సద్ది మూట కట్టి గడప దగ్గర పెట్టి, నేను దొడ్లోకి పోయి గొర్రెపిల్లలు పాలు తాగుతున్నాయో లేదో చూస్తూ నిలబడేదాన్ని. బయట ఎద్దులబండి కదిలిన చప్పుడు, తర్వాత కాలంలో జీపు చప్పుడు వినేదాన్ని. మా మామ తోడు పోయి రైలెక్కించి వచ్చేవాడు. పద్నాలుగు సార్లు అట్లా జరిగింది. ఆయన ప్రతిసారీ తిరిగి వచ్చాడు. మా అత్త మాట నిజమే అనుకున్నాను.

ఎనభై ఏడులో ఉద్యోగం నుంచి వచ్చేశాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు గొర్రెలు, మూడెకరాల సేద్యం. పెట్టె మంచం కింద ఉండేది. రెండువేల పద్నాలుగులో చనిపోయాడు. పెద్ద జబ్బేమీ లేదు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు.

మా కులంలో పెద్దదినం నాడు, కర్మ చేసినాక, చనిపోయిన మనిషి వాడిన వస్తువులు ఇంట్లో ఉంచుకోరు. ఉంచితే దానికోసం వస్తారంటారు. పక్కబట్టలు, చెంబు, చెప్పులు, అన్నీ చాకలికి ఇచ్చేస్తారు. కొడుకు వెంకటకృష్ణ పెట్టెలోని కాగితాలు తీసి పక్కన పెట్టాడు. నేను పెద్దకోటు, నీళ్ళ బాటిల్, తిండి తినే అల్యూమినియం డబ్బా, అన్నీ ఆ పెట్టెలోనే సర్ది చాకలి మద్దిలేటి ముందర పెట్టాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. నా చేత్తో నేనే ఇచ్చాను.

మూడేళ్ళ తర్వాత మా ఊరి గ్రంథాలయంలో పెద్దవాళ్ళకు చదువు చెప్తామంటే పోయాను. మధ్యాహ్నం రెండు గంటలకు క్లాసు. పదకొండుమందిమి. చెప్పే అమ్మాయి పేరు నందిని. మొదటిరోజు ఒక్కొక్కరినీ అడిగింది, మీకు చదువొస్తే ముందు ఏం చదువుతారని. ఒకామె బస్సు బోర్డు అంది. ఒకామె పెండ్లి పత్రిక అంది. నా వంతు వచ్చింది.

"మా ఆయన పెట్టె మూత" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగా ఆ పెట్టె ఇంట్లో లేదని గుర్తొచ్చింది.

ఆరు నెలల్లో అక్షరాలు వచ్చాయి. అప్పుడు మద్దిలేటి ఇంటికి పోయాను.

"ఆ పెట్టె నేనేం జేసుకుందునమ్మా, ఇస్త్రీ బట్టలు తుప్పు మరకలైతాండె. పొద్దుటూరులో పాతసామాన్ల సలాం లేడా, ఆయప్పకేసినా" అన్నాడు. "కోటు మాత్రం ఎవురో గొర్రెలోళ్ళు తీస్కపాయిరి."

అబ్దుల్ సలాం నా ఈడువాడే. ప్రొద్దుటూరులో పాత ఇనుము, పాత సామాన్లు కొని, వారంలో ఒక్కోరోజు ఒక్కో ఊరి సంతలో పరుస్తాడు. జమ్మలమడుగుకూ పోతాడు. రోడ్డు పక్కన పట్ట పరిచి, ఒక కుప్ప ఫ్యాన్లు, ఒక కుప్ప నల్లాలు, ఒక కుప్ప మిలిటరీ సామాన్లు. రిటైరైన సిపాయిల ఇండ్ల నుంచి వచ్చేవి కొన్ని, బెంగుళూరు నుంచి మూటల్లో వచ్చేవి కొన్ని.

"నల్ల పెట్టెనా? మిలిటరీ పెట్టెలన్నీ నల్లగానే ఉంటాయక్కా. గుర్తేంది?"

"మూత లోపల రాత ఉంటాది."

"ఏం రాత?"

"తెల్దు."

"తెలీని రాతను యాడని ఎతికేది!" అన్నాడు కానీ, కుప్పంతా తిరగేశాడు. లేదు. మూడేళ్ళ కింద కొన్నది ఎవరికి అమ్మాడో అతనికి గుర్తు లేదు. "సామాను చేతులు మారతానే ఉంటాదక్కా. ఈడ అమ్మింది ఆడ తేల్తాది. వస్తా ఉండు."

నందిని ఒక కాగితం మీద మా ఆయన పేరు ఇంగ్లీషులో రాసిచ్చింది. దాన్ని కొంగున కట్టుకొని ప్రతి వారం పోయేదాన్ని. పెట్టె ఒక్కటే కాదు, బాటిల్ మీదా డబ్బా మీదా కూడా ఆయన పేరు ఇంగ్లీషులోనే గీకి ఉండేది. ప్రతి వస్తువునూ కొంగుతో తుడిచి, ఎండకు పట్టి, కాగితంలోని ఆకారంతో పోల్చేదాన్ని. ఎవరెవరి పేర్లో, నంబర్లో. మా ఆయనది కాదు.

నేను కనిపించగానే సలాం దూరం నుంచే చెప్పేవాడు. "నై ఆయీ అక్కా! నీ పేటీ నై ఆయీ!" పెట్టె రాలేదని. ఎనిమిదేళ్ళు అదే మాట. పక్కన ఉల్లిగడ్డలమ్మే వాడు కూడా నేర్చుకున్నాడు.

కొనడం ఎట్లా మొదలైందంటే, ఒకరోజు ఒక నీళ్ళ బాటిల్ పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఖాకీ కంబళి గుడ్డ కుట్టిన బాటిల్, మూతకు గొలుసు. పేరు సగం చెరిగిపోయి ఉంది.

"అక్కా, నువ్వు రుద్దిన రుద్దుడుకు తళతళ మెరుస్తాంది. తీసుకో, లేకుంటే పెట్టు. నీ పుణ్యాన ఇవి పాత సామాన్లంటే జనాలు నమ్మరు."

తీసుకున్నాను. తర్వాతి వారం ఒక బెల్టు. తర్వాత మేకులు కొట్టిన బూట్లు. మొదట్లో పచ్చగా కనిపించిందల్లా మిలిటరీదే అనుకున్నాను. ఇంటికి తెచ్చిన వాటిలో ఒకటి స్కూలు పిల్లల కవాతు టోపీ, ఇంకొకటి సెక్యూరిటీ గార్డు బెల్టు. సలాం నవ్వి, చూడటం నేర్పించాడు. అసలు దానికి చిన్న బాణం గుర్తు గుద్ది ఉంటుంది, పక్కన సంవత్సరం ఉంటుంది. గుడ్డ బెల్టు నీళ్ళలో వేస్తే రంగు దిగకూడదు. బూటు అడుగున మేకులు అరిగి ఉండాలి, పైన పాలిష్ పొరలు పొరలుగా ఉండాలి. నకిలీవాటికి పొరలుండవు. అరవై రెండు, అరవై అయిదు, డెబ్బై ఒకటి, ఈ యుద్ధాల సంవత్సరాలున్నవి దొరికితే మీసాలు తిప్పుకునే పిల్లగాళ్ళు ఫోటోలు దిగడానికి కొంటారట. నేను వాళ్ళకంటే ముందు పోయేదాన్ని.

ఒకసారి వీరపునాయునిపల్లె దగ్గర బస్సు ఆగితే, రోడ్డు పక్కన గొర్రెల మందతో ఒక ముసలాయన మిలిటరీ కోటు వేసుకొని నిలబడి ఉన్నాడు. బస్సు దిగి పోయాను.

"పెద్దాయనా, ఆ కోటు కాలరు ఎనక్కి మడుస్తావా?"

"ఏమ్మే, నడిరోడ్డు మీద నా కోటిప్పదీస్తాండావు? మా ఇంటామె ఒప్పుకోదు."

"పేరు చూడాల. మాయన్ది ఇట్నాంటిదే."

ఆయన నవ్వు ఆపి, కోటు విప్పి చేతికిచ్చాడు. కాలరు లోపల ఎవరో ఇంకొకరి నంబరు ఉంది. తిరిగిచ్చేశాను. బస్సు పోయింది. ఇంకో బస్సుకు వచ్చాను.

గొర్రెలు అమ్మేశాక కొడుకు దగ్గరికి ప్రొద్దుటూరు వచ్చాను. వాడు ఆటో తోలుతాడు. రెండు గదుల ఇల్లు. నా సామాను మెట్ల కింద పెట్టుకున్నాను. టోపీలు మూడు, బాటిళ్ళు తొమ్మిది, తిండి డబ్బాలు ఆరు, తూటాల పెట్టెలు నాలుగు, బెల్టులు లెక్క లేదు. యశోద మంచి పిల్లే, కానీ నోరుంది.

"అత్తా, చీపురు పెట్టను జాగా లేదు. ఇది ఇల్లా, క్యాంపా? రేపు ఎవురన్నా వస్తే మన మీద యుద్ధానికి పోతాండారనుకుంటారు."

"పెట్టె దొరికితే అన్నీ తీసేస్తా."

"ఎనిమిదేండ్ల నుంచి అదే చెప్తాండావు. అయినా ఆ మూత మీద ఏముంటాదత్తా? పేరుంటాది, ఊరుంటాది. అంతే గదా?"

"పద్నాలుగు గీతలుండాయి. పేరుకు అన్ని గీతలెందుకు?"

ఆమె మెట్ల కింద నుంచి ఒక బాటిల్ తీసి తుడిచి మళ్ళీ పెట్టింది.

ఈమధ్య ఆడవాళ్ళకు బస్సు టికెట్ లేకుండా చేశాక పులివెందులకు కూడా పోవడం మొదలుపెట్టాను. మూడోసారి పోయినప్పుడు, పాతసామాన్ల వరసకు చివర ఒక చెట్టు కింద ఒకామె కుట్టుమిషను పెట్టుకొని ఉంది. పాత బట్టలకు జిప్పులు వేయడం, రవికెలు వదులు చేయడం ఆమె పని. పక్కన, నలుపు మీద నీలిరంగు పూసిన రేకు పెట్టె, మూత తెరిచి ఉంది. మూతకు గుడ్డ పీలికలు తగిలించి ఉన్నాయి. పీలికల సందులో ఒక గీత, దాని కింద వేలాడే అక్షరాలు కనిపించాయి.

దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఏం కుట్టాలమ్మా?"

"కుట్టేదేం లేదు. ఆ గుడ్డలు కొంచెం పక్కకు తీస్తావా?"

"ఎందుకు?"

"ఆ రాత చూడాల."

"ఎవురో పనిలేనోడు గీకినాడులే దాన్ని" అంటూ పీలికలు తీసింది. ఆమె పేరు ఖమ్రున్నీసా అని తర్వాత తెలిసింది. యాభై ఏళ్ళుంటాయి.

కింద కూర్చున్నాను. గీతలు లెక్కపెట్టాను. పద్నాలుగు. కుడి మూల సొట్ట, మా అబ్బాయి చిన్నప్పుడు రోకలి పడేస్తే పడింది. అదే పెట్టె. కళ్ళద్దాలు పెట్టుకొని మొదటి గీత దగ్గర వేలు పెట్టాను.

ఒక్క అక్షరం కూడా రాలేదు. అ లేదు, క లేదు. నేర్చుకున్నదంతా మర్చిపోయానేమో అనుకొని ఎదురుగా గోడ మీద చూశాను. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని ఉంది. చదవగలిగాను. మళ్ళీ మూత వైపు చూశాను. రాలేదు.

"నాకు సదువొచ్చు. ఇది రావడంలేదు" అన్నాను.

"అది తెలుగు కాదుమ్మా, హిందీ. మిలిటరీవోళ్ళకు హిందీనే నేర్పిస్తారు."

ఇంగ్లీషు కాకుంటే తెలుగే అనుకున్నాను. ఆయనకు వచ్చినవీ నాకు వచ్చినవీ వేరువేరని ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు.

"నీకొస్తాదా?"

"పది దాకా సదివినా. మార్కులు కూడా బాగనే వచ్చిండె." ఆమె మిషను ఆపి, మూత తన వైపు తిప్పుకుంది. "పదకొండు, ఎనిమిది, డెబ్బై నాలుగు. ఎర్రగుంట్ల. బాప్ ఆయా. సుబ్బీ నహీ ఆయీ. అంటే..."

"తెలుసు" అన్నాను. రాలేదని సలాం చెప్పే మాటే అది.

"రెండోది. డెబ్బై అయిదు. ఎర్రగుంట్ల. బాప్ ఆయా. సుబ్బీ నహీ ఆయీ. మూడోది కూడా అంతే. ఏంది ఈయప్ప, రాసిందే రాసినాడు!"

"సదువు."

చదివింది. తేదీ మారుతోంది, మిగతాది మారడంలేదు. ఆరో గీతలో 'పిల్లోడు ఏడ్చినాడు' అని ఉంది. ఆ ఏడు మా మామ వెంకటకృష్ణను భుజం మీద ఎక్కించుకొని స్టేషనుకు తీసుకుపోయాడు. పదో గీతలో 'ఎవరూ రాలేదు' అని ఉంది. అది మా మామ పోయిన ఏడు. అప్పటికి మా అత్త కూడా లేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. అయినా నేను దొడ్లోకే పోయాను. చివరి నాలుగు గీతలూ అంతే. ఎవరూ రాలేదు అని ఊరుకోకుండా, పక్కన మళ్ళీ సుబ్బీ నహీ ఆయీ అని రాశాడు.

ఖమ్రున్నీసా మూత వదిలి దారం నోట్లో పెట్టుకొని కొరికింది. "మాయన రహీం కువైట్ పోయేటప్పుడల్లా నేను కడప దాకా పోతా. బస్సు కదిలేదాకా కిటికీ ఇడ్సను. ఈ సుబ్బెవురో గానీ, ఒక్క తూరి పోయింటే ఏం సొమ్ము పోతాండె?"

"ఏం పోయేది కాదు."

"రాతిగుండెది."

"ఆ" అన్నాను.

ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ నా వైపు చూసింది. నేను ఇంకా మూత మీద వేలు పెట్టుకొని ఉన్నాను. "నీ పేరేందమ్మా?" అంది.

"రామసుబ్బమ్మ."

సూది పక్కన పెట్టేసింది. తర్వాత ఆమె పెట్టెలోని దారాలు, గుండీలు, జిప్పులు ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"నీ సామాను?" అన్నాను.

"సంచిలో ఉంటాదిలే. తీస్కపో."

"నా దగ్గర మిలిటరీ పెట్టెలు నాలుగుండాయి. గట్టివి. వచ్చే వారం ఒకటి తెచ్చిస్తా."

"తేకున్నా ఏం లేదు. మొగం కడుక్కుంటావా? నీళ్ళుండాయి."

కడుక్కోవాల్సిన అవసరం లేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

బస్సులో పెట్టెను కాళ్ళ దగ్గర పెట్టుకొని కూర్చున్నాను. ఆయనకు తెలుసనుకున్నాను. అది వాళ్ళ అమ్మ పెట్టిన కట్టడే గదా, వాళ్ళ ఇంటిదే గదా, తెలియకుండా ఎట్లా ఉంటుంది అనుకున్నాను. ఇరవై ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. చెప్పకూడదన్న ఆమె పోయి అన్నేళ్ళయినా నేను చెప్పలేదు.

తర్వాతి వారం ఖమ్రున్నీసాకు తూటాల పెట్టె ఇచ్చి వచ్చాను. మిగతావి వెంకటకృష్ణ ఆటోలో సలాం దగ్గరికి చేర్చాను. సలాం లేచి నిలబడ్డాడు.

"ఆయీ?" అన్నాడు.

"వచ్చింది."

"అల్లా! ఏముండాదక్కా ఆ మూతలో?"

"రైలెక్కిన తేదీలు."

"అంతేనా?" అన్నాడు. ఒక్కొక్క బాటిలూ తీసి చూసి పట్ట మీద వరసగా పెట్టాడు. "ఇంగ రావా అయితే?"

"రాను."

ఉల్లిగడ్డలవాడు కూడా తక్కెడ దించి మా వైపు చూశాడు.

మెట్ల కింద ఇప్పుడు ఆ పెట్టె ఒక్కటే ఉంది. యశోద పక్కన చీపురు పెట్టుకుంది. పద్నాలుగో గీత కింద మూతలో జానెడు జాగా మిగిలి ఉంది. ఒకరోజు మేకు తీసుకొని కూర్చున్నాను. పెన్నుతో రాసినట్టు కాదు, మేకు రేకు మీద జారిపోతుంది. మూడు రోజులు పట్టింది. నాకు గీత మీద రాయడమే వచ్చు కాబట్టి ముందు గీత గీసి, దాని మీద రాశాను.

'దొడ్లో ఉండినా. మీ అమ్మ చూడొద్దనింది.'

'దొడ్లో'లో ఒత్తు తప్పు పడింది. రేకు మీద చెరపడానికి కుదరదు, అట్లాగే ఉంది. కింద ఇంకొంచెం జాగా ఉంటే, ఎవరు రాశారో తెలియాలని ఇదీ రాశాను.

రామసుబ్బమ్మ
అరవై తొమ్మిదేళ్ళు
ప్రొద్దుటూరు, కొడుకు ఇంట్లో